ఆకాశ వీరులకు వీరగల్లు

తెలుగు నేల మీద పొలం గట్టునో, ఊరి పొలిమేరలోనో, పాత గుడి ప్రాంగణంలోనో వీరగల్లులు కనిపిస్తాయి. రాతి మీద కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, కొన్నింటి మీద రెండు మూడు పంక్తుల శాసనం ఉంటాయి. ఆ పంక్తుల్లో పొగడ్త తక్కువ. ఫలానా వ్యక్తి, ఫలానా ఊరి పశువుల మందను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డుపడి ప్రాణం విడిచాడు, ఫలానా వారు ఈ రాయి నిలిపారు. అంతటితో సరి. అలాంటి వీరుల కథే పాటగాళ్ల నోట పడితే రాత్రంతా సాగుతుంది. పల్నాటి వీరులను కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీక మాసంలో తలుచుకుంటున్నారంటే, ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ పేర్లు జనం నాలుక మీద ఉన్నాయంటే, అది పాట చలవే. అయితే ఆ పాటలో జరిగిందెంత, తర్వాత కలిసిందెంత అని అడగవలసి వచ్చినప్పుడు చరిత్రకారులు వెతుక్కునేది శాసనాన్ని. మన పెద్దలకు ఈ రెండూ కావాలని తెలుసు. ఫైటర్ విమానాలు నడిపి గాలిలో పోరాడినవారి విషయంలో మాత్రం మనం పాటతోనే సరిపెట్టుకుంటున్నాం. సినిమా తీస్తున్నాం, విగ్రహం పెడుతున్నాం, కూడలికి పేరు పెడుతున్నాం. శాసనం చెక్కే పని, అంటే ఆ రోజు ఆ ఆకాశంలో నిజంగా ఏం జరిగిందో ఆధారాలతో తేల్చి భద్రపరిచే పని, బాగా వెనకబడి ఉంది. ఆ పనే అసలైన గౌరవమనీ, మిగతా గౌరవాలన్నీ దాని మీదే నిలవాలనీ నా వాదన.

ఐదు విమానాల లెక్క

ముందు 'ఏస్' అనే మాట సంగతి చూద్దాం. పేకాటలో మనం 'ఆసు' అంటామే, అదే ఈ మాట. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఫ్రెంచి పత్రికలు అడోల్ఫ్ పెగూ అనే పైలట్‌ను ఈ మాటతో కొనియాడాయి. తర్వాత్తర్వాత, ఐదు శత్రు విమానాలను కూల్చినవాడు ఏస్ అనే లెక్క స్థిరపడింది. నేల మీద కందకాల్లో లక్షల మంది పేరూ ఊరూ తెలియకుండా చనిపోతున్న యుద్ధం అది. మనిషికి మనిషి ఎదురు నిలిచి పోరాడే దృశ్యం ఆకాశంలోనే మిగిలింది. పత్రికలకూ ప్రభుత్వాలకూ చెప్పుకోవడానికి కొన్ని ముఖాలు కావలసి వచ్చాయి. ఆ ముఖాలు ఎప్పుడూ కొన్నే. అమెరికా తరఫున యుద్ధాల్లో ఫైటర్ విమానాలు నడిపినవారు 60,000 మందికి పైగా ఉంటే, ఏస్ అనిపించుకున్నవారు 1,450 మందికి లోపే. వారందరికీ కలిపి కాంగ్రెస్ బంగారు పతకం ఇవ్వాలని 2014లో చట్టం చేశారు. 2015 మేలో ఆ పతకాన్ని అందజేసే నాటికి వారిలో చాలామంది లేరు, ఉన్నవారిలో ఎక్కువమంది తొంభై దాటినవారు. మూడు సార్లు ఏస్ అనదగిన లెక్క ఉన్న అమెరికన్లలో చివరివాడు బడ్ ఆండర్సన్ 2024 మే 17న 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన పేరు పక్కన ఉన్న లెక్క పదహారుంపావు. విమానాన్ని పావు వంతు కూల్చడమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. ఒకే విమానాన్ని నలుగురు కలిసి కూల్చితే తలా పావు చొప్పున పంచారు. ఆ పావులో పెద్ద మర్యాద ఉంది. పక్కవాడి భాగాన్ని తన ఖాతాలో వేసుకోలేదని అది చెబుతుంది.

ఐదు అనే అంకె పెట్టి చూస్తే మన దేశానికి ఒక్కడే దక్కుతాడు. అతని పేరు ఇంద్రలాల్ రాయ్. 1898 డిసెంబర్ 2న కలకత్తాలో పుట్టాడు, లండన్‌లో సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివాడు, 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. ఆ ఏడాది నవంబర్‌లో విమానం కూలి బాగా గాయపడ్డాడు. కోలుకుని 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌తో ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లాడు. జూలై 6 నుంచి 19 వరకు, రెండు వారాల్లో, పది విజయాలు అతని ఖాతాలో చేరాయి. వాటిలో రెండు తోటి పైలట్లతో పంచుకున్నవి. జూలై 22న కార్వాన్ పట్టణం మీద జర్మన్ ఫోకర్ విమానాలతో పోరాడుతూ నేలకూలాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. మరణానంతరం డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు, భారతీయుల్లో ఆ పతకం మొదట దక్కింది అతనికే. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఎస్తెవెల్ అనే చిన్న ఊరి శ్మశానంలో అతని సమాధి ఉంది. దాని మీద బెంగాలీలో, ఫ్రెంచిలో రాసిన మాటలున్నాయి. కలకత్తాలో భవానీపూర్‌లో ఒక వీధికి అతని పేరుంది, శతజయంతికి 1998లో తపాలా బిళ్ల వచ్చింది. ఇంత తక్కువ కాలం బతికిన కుర్రవాడి గురించి నూరేళ్ల తర్వాత కూడా ఏ తేదీన ఏం చేశాడో చెప్పగలుగుతున్నాం. కారణం, అతని స్క్వాడ్రన్‌లో ఏ రోజుకారోజు పోరాట నివేదికలు రాశారు, వాటిని దాచారు, ఎవరు అడిగినా చూపించారు. రాయ్ కీర్తి ఈ నాటికీ చెక్కుచెదరలేదంటే ఆ కాగితాలే కారణం.

కన్ను చేసే మోసం

కాగితం కోసం ఇంత పట్టుబట్టడం దేనికని అనుకోవచ్చు. గాలిలో జరిగే పోరాటం కంటికి అందనిది కనుక. గంటకు వందల కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఒకదాన్నొకటి దాటుకునే సమయం కొన్ని క్షణాలే. పేల్చిన పైలట్‌కు ఎదుటి విమానం నుంచి పొగ లేచి, అది నిట్టనిలువుగా కిందికి దిగడం కనిపిస్తుంది. కూలిపోయిందనుకుంటాడు. నిజానికి ఎదుటి పైలట్ ఇంజిన్‌కు ఒక్కసారిగా పూర్తి శక్తినిచ్చి, మేఘాల చాటున తప్పించుకుని, తన స్థావరానికి చేరి ఉండవచ్చు. ఒకే విమానం మీద ముగ్గురు పేల్చితే ముగ్గురూ తామే కూల్చామని నమ్మవచ్చు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, అందరూ చూసిందే చెబుతున్నారు. 1940 సెప్టెంబర్ 15న బ్రిటన్ ఆకాశంలో జరిగింది ఇదే. ఆ రోజు 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం ముగిశాక జర్మన్ల సొంత నష్టాల పట్టికలు చేతికొచ్చాయి. కూలినవి సుమారు 60 అని తేలింది. మూడింట రెండు వంతుల లెక్క గాలికి పోయింది. బ్రిటన్ ఆ సంగతిని దాచిపెట్టలేదు, తన చరిత్ర పుస్తకాల్లోనే రాసుకుంది. అయినా ఏటా సెప్టెంబర్ 15ను బ్రిటన్ యుద్ధ దినంగా జరుపుకుంటూనే ఉంది. ఆ రోజు గొప్పతనం కూల్చిన విమానాల సంఖ్యలో లేదనీ, జర్మన్ల దండయాత్ర ఆలోచన ఆగిపోవడంలో ఉందనీ వారికి స్పష్టంగా తెలిసింది. లెక్కను తూర్పారబట్టాక తాలు పోయి గట్టి గింజ మిగిలింది.

తూర్పారబట్టడం వల్ల లెక్క తగ్గుతుందనే భయం చాలామందికి ఉంటుంది. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అందుకు స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య కథ కంటే మంచి సాక్ష్యం మన దేశంలో లేదు. కొడగు ప్రాంతంలో 1932లో పుట్టిన దేవయ్య 1965 యుద్ధం నాటికి ఆదంపూర్ స్థావరంలో 1వ స్క్వాడ్రన్‌లో ఉన్నాడు. సెప్టెంబర్ 7 తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి మిస్టేర్ విమానాల దండు బయలుదేరింది. దేవయ్యది రిజర్వు స్థానం, ఒకరు తప్పుకోవడంతో ఆ ఖాళీలో వెళ్లాడు. దాడి ముగించి తిరిగి వస్తుండగా పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ ఒకటి వెంటపడింది. స్టార్‌ఫైటర్ ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగరగలది, ఆనాటికి ప్రపంచంలోనే మేటి విమానాల్లో ఒకటి. మిస్టేర్ పాత తరానిది, నేలకు సమాంతరంగా ఎగురుతూ ధ్వనివేగాన్ని అందుకోలేనిది. దేవయ్య తిరిగి రాలేదు. దండులో మిగతావారెవరూ ఆ పోరాటాన్ని చూడలేదు. గల్లంతయ్యాడని రాశారు, కొంతకాలానికి మరణించాడని నిర్ధారించారు. ఫైలు అక్కడితో మూతపడింది.

పద్నాలుగేళ్ల తర్వాత, 1979లో, బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ ఆ యుద్ధం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. పాకిస్తాన్ వైమానిక దళం అందించిన సమాచారంతో రాసిన పుస్తకం అది. సర్గోధా దగ్గర ఆ రోజు ఒక స్టార్‌ఫైటర్ ఒక మిస్టేర్‌తో తలపడి కూలిపోయిందనీ, దాని పైలట్ అమ్జద్ హుస్సేన్ పారాచ్యూట్‌తో బయటపడ్డాడనీ అందులో ఉంది. దెబ్బతిన్న మిస్టేర్ పారిపోలేదు, వెనుదిరిగి తనకంటే రెట్టింపు వేగమున్న విమానాన్ని పడగొట్టింది. ఆ చోట, ఆ సమయంలో తిరిగి రాని మిస్టేర్ ఒక్కటే, అది దేవయ్యది. ఆ దాడికి నాయకత్వం వహించిన ఓ.పి. తనేజా తదితరులు ఈ సంగతిని అధికారుల దృష్టికి తీసుకెళ్లారు. 1988లో, దేవయ్య మరణించిన 23 ఏళ్లకు, ఆయన భార్య చేతికి మహావీర చక్ర అందింది. ఈ కథలో ఆలోచించాల్సినవి రెండున్నాయి. దేవయ్య వీరత్వానికి సాక్షి మనవాడు కాడు, శత్రువు. తమ మేటి విమానం పాత మిస్టేర్ చేతిలో పడిపోయిందని వారు తమ కథనంలో నిజాయితీగా చెప్పుకున్నారు కనుకనే మన వీరుడు మనకు దక్కాడు. రెండోది, ఆ పుస్తకం రాకపోయినా, వచ్చినా మనవారెవరూ శ్రద్ధగా చదవకపోయినా, దేవయ్య ఈనాటికీ ఒక పాత జాబితాలో గల్లంతైన పేరుగానే ఉండేవాడు. ఈ ఉదంతాన్ని ఆధారంగా చేసుకుని 2025 జనవరిలో 'స్కై ఫోర్స్' అనే హిందీ సినిమా వచ్చింది, పాత్రల పేర్లు మార్చుకుని, కల్పన కలుపుకుని. అది పాట. పాట రావడం మంచిదే. దాని వెనక రాయి ఉంది కనుకనే ఆ పాటకు విలువ.

లెక్క సరిచూస్తే అవమానమా?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ప్రాణం పణంగా పెట్టిన మనిషి మాటను యాభై ఏళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని సందేహించడం ఏం మర్యాద? అందులోనూ శత్రువు రికార్డును పట్టుకుని మన వీరుడి లెక్క తగ్గిస్తే శత్రువుకు మేలు చేసినట్టు కాదా? ఈ ప్రశ్నకు 1965, 1971 యుద్ధాలే జవాబు చెబుతాయి. 1965 సెప్టెంబర్ 3న మన పైలట్ ట్రెవర్ కీలర్ తన చిన్న నాట్ విమానంతో పాకిస్తాన్ సేబర్ విమానాన్ని కూల్చాడని దేశమంతా సంబరపడింది, ఆయనకు వీర చక్ర ఇచ్చారు. ఆ సేబర్ బాగా దెబ్బతిని కూడా తన స్థావరంలో దిగగలిగిందని తర్వాత పాకిస్తాన్ వైపు కథనం వచ్చింది. ఆ యుద్ధం మీద జగన్మోహన్, సమీర్ చోప్రా కలిసి రాసిన పరిశోధన గ్రంథం మన దేశస్థులు రాసిందే అయినా ఇరువైపుల కథనాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. అటువైపు, పాకిస్తాన్ పైలట్ ఎం.ఎం. ఆలం సెప్టెంబర్ 7న నిమిషంలోపు ఐదు భారతీయ హంటర్ విమానాలను కూల్చాడని పాకిస్తాన్ పాఠ్యపుస్తకాల స్థాయిలో ప్రచారమైంది. భారతీయ పరిశోధకులు ఆ అంకెను ఒప్పుకోలేదు. పాకిస్తాన్ వైమానిక దళంలోనే పేరున్న యోధుడు సజ్జాద్ హైదర్ కూడా తన పుస్తకంలో దాన్ని ప్రశ్నించాడు. సొంతవారి లెక్కనే నిలదీసిన ఆ మనిషిని దేశద్రోహి అనాలా? తన దళం గౌరవం అబద్ధం మీద నిలవకూడదని పట్టుబట్టాడనడమే న్యాయం. ఎదుటివారి గొప్పలను తూర్పారబట్టే హక్కు కావాలంటే, మన గొప్పలను అదే చేటలో పోయడానికి మనం సిద్ధపడాలి.

శ్రీనగర్ ఆకాశంలో జరిగినదాన్ని చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1971 డిసెంబర్ 14న ఆరు సేబర్లు శ్రీనగర్ విమానాశ్రయం మీద దాడికి వచ్చాయి. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ తన నాట్ విమానాన్ని లేపాడు. ఒక్కడే ఆ దండు మధ్యలోకి దూసుకెళ్లి పోరాడి చనిపోయాడు. భారత వైమానిక దళంలో పరమ వీర చక్ర పొందినవాడు నేటికీ ఆయనొక్కడే. ఆయన ఎన్ని సేబర్లను దెబ్బతీశాడన్న విషయంలో రెండు దేశాల కథనాలు కలవవు. అయితే ఆయనతో తలపడిన పాకిస్తాన్ పైలట్లలో ఒకరైన సలీం బేగ్ మీర్జా, సెఖోన్ ధైర్యాన్ని మెచ్చుకుంటూ తర్వాత స్వయంగా వ్యాసం రాశాడు. అంకె సున్నా అయినా, రెండైనా, బాంబులు పడుతున్న రన్‌వే మీద నుంచి ఆరుగురికి ఎదురు లేచిన ఆ నిమిషం విలువ మారదు. ఆయన ఏస్ కాదు, ఐదు లెక్క ఆయన దరిదాపుల్లో లేదు. ఐదుగురిని కూల్చినవాడే యోధుడని కొలబద్ద పెట్టుకుంటే స్వతంత్ర భారతంలో ఒక్క పేరూ మిగలదు, సెఖోన్, దేవయ్య ఇద్దరూ జారిపోతారు. అందుకే ఏస్‌ల వారసత్వాన్ని కాపాడడమంటే ఏస్‌ల జాబితాను కాపాడడం మాత్రమే కాదు. ఎవరు, ఏ విమానంతో, ఎవరికి ఎదురుగా, ఏ పరిస్థితిలో లేచారో ఆ మొత్తం కథను కాపాడడం.

చంపిన లెక్కను పండగ చేసుకోవడమేమిటి అనేది రెండో అభ్యంతరం. కూలిన ప్రతి విమానంలో ఒక తల్లి కన్న బిడ్డ ఉన్నాడు. ఈ మాటను తేలిగ్గా తోసేయకూడదు. అయితే దీనికి విరుగుడు మరచిపోవడం కాదు, పూర్తిగా రాయడం. అంకె మాత్రమే ఉన్నచోట చనిపోయినవాడు కనిపించడు. ఆధారాలతో రాసినచోట అతని పేరు, దళం, అతను బతికి బయటపడ్డాడా లేదా అన్నవన్నీ వస్తాయి. జర్మన్ ఏస్ రిక్తోఫెన్ ఖాతాలోని 80 విజయాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా ఎదుటి పక్షం రికార్డులతో పోల్చి చూశారు. ఆ పనివల్ల అతని చేతిలో పడిపోయినవారి పేర్లు కూడా చరిత్రకెక్కాయి. 1918 ఏప్రిల్‌లో అతను చనిపోయినప్పుడు ఆస్ట్రేలియా సైనికులు, శత్రువులై ఉండి, పూర్తి సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. మన దగ్గరా ఇలాంటి సంస్కారానికి ఉదాహరణ ఉంది. 1971 నవంబర్ 22న బోయ్‌రా దగ్గర నాట్ విమానాలు సేబర్లతో తలపడ్డాయి. మూడింటిని కూల్చామని మనవారు ప్రకటించారు. రెండు కూలి పైలట్లు మనకు చిక్కారు, మూడోది దెబ్బతిని వెనక్కి చేరింది. చిక్కినవారిలో పర్వేజ్ మెహదీ ఖురేషీ ఒకరు. పాతికేళ్ల తర్వాత ఆయన పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయినప్పుడు, ఆ రోజు పోరాడిన మన పైలట్ డొనాల్డ్ లజారస్ అభినందనలు తెలుపుతూ ఉత్తరం రాస్తే, ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. పోరాడినవారికి లేని ద్వేషాన్ని చూసినవారు మోయనక్కర్లేదు.

ఏ పక్షం కోసం పోరాడాడన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. నైపుణ్యం ఒక్కటే గౌరవానికి చాలదు. జర్మనీలో వెర్నర్ మోల్డర్స్ అనే ఏస్ పేరు ఒక ఫైటర్ దళానికి, ఒక సైనిక స్థావరానికి ఎన్నో ఏళ్లు ఉండేది. హిట్లర్ ప్రభుత్వం స్పెయిన్ అంతర్యుద్ధానికి పంపిన కాండోర్ దళంలో పనిచేసినవారిని ఇక సైన్యం తరఫున గౌరవించకూడదని జర్మన్ పార్లమెంటు 1998లో తీర్మానించింది. దాని ప్రకారం 2005లో ఆ పేరును తొలగించారు. చాలామంది పాత సైనికులు బాధపడ్డారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. పేరు తీసేశారు గాని చరిత్ర తుడిచేయలేదు. మోల్డర్స్ ఏం చేశాడో, అతని ఎత్తుగడలు వైమానిక యుద్ధరీతిని ఎలా మార్చాయో పుస్తకాల్లో, ఆర్కైవుల్లో అలాగే ఉంది. రికార్డు అందరికీ ఉండాలి, వేదిక కొందరికే ఉండాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే గొడవలన్నీ వస్తాయి.

వెనక నిలిచినవారు

ఏస్‌ల కీర్తి ఒక్కడి చుట్టూ తిరుగుతుందనీ, విమానం ఎగరగలిగేలా చేసిన మెకానిక్‌లు, తూటాలు నింపినవారు, రాడార్ ముందు కూర్చున్నవారు మరుగున పడతారనీ మరో ఆక్షేపణ ఉంది. నిజమే, పడుతున్నారు. కానీ ఏస్ కథను లోతుగా తవ్వినప్పుడు మొదట బయటపడేది వాళ్లే. సోవియట్ యువతి లిదియా లిత్‌వ్యాక్ యుద్ధ చరిత్రలో ఏస్‌లుగా లెక్కకొచ్చిన ఇద్దరు మహిళల్లో ఒకరు, రెండోవారు కాత్యా బుదానోవా. లిత్‌వ్యాక్ 1943 ఆగస్టు 1న ఎగిరి తిరిగి రాలేదు, ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. శవం దొరకలేదు కనుక శత్రువులకు చిక్కి ఉంటుందన్న అనుమానం అంటింది, దక్కాల్సిన సోవియట్ యూనియన్ హీరో బిరుదు ఆగిపోయింది. ఆమె విమానానికి మెకానిక్‌గా పనిచేసిన ఇన్నా పాస్‌పోర్త్‌నికోవా ఊరుకోలేదు. యుద్ధం ముగిశాక మూడు దశాబ్దాలకు పైగా, లోహాన్ని పసిగట్టే పరికరం పట్టుకుని, ఆ యుద్ధక్షేత్రమంతా తన పైలట్ విమానం కోసం గాలించింది. ఆ వెతుకులాటలో తేలిన కొన్ని విషయాలపై చరిత్రకారుల మధ్య వాదాలున్నాయి. ఏమైనా 1990లో గోర్బచోవ్ లిత్‌వ్యాక్‌కు ఆ బిరుదు ప్రకటించాడు. ఒక మెకానిక్ పట్టుదల లేకపోతే ఆ పైలట్ పేరు మీద అనుమానపు మసి అలాగే ఉండేది. పైలట్ చరిత్రను నిజాయితీగా రాస్తే మెకానిక్ చరిత్ర అందులోనే వచ్చి చేరుతుంది.

ఇక ఈ క్షిపణులు, డ్రోన్ల కాలంలో తుపాకులతో పోట్లాడుకున్న పాత పైలట్ల కథలు ఎందుకు అనేవారికి ఒకటే మాట. విమానం మారింది గాని, తక్కువ సమాచారంతో, క్షణాల్లో నిర్ణయం తీసుకోవలసిన మనిషి మారలేదు. హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి ఏటా బయటికొచ్చే యువతీ యువకులకు పాత పోరాటాల నిజమైన వివరాలు కావాలి. గెలిచినవాడి పొగడ్తలు వారికి పనికిరావు. ఎక్కడ పొరబాటు జరిగింది, ఎవరు ఎందుకు తిరిగి రాలేదు అన్నవే పనికొస్తాయి. పెంచి చెప్పిన చరిత్ర కొత్త పైలట్‌కు తప్పుడు పాఠం నేర్పుతుంది, ఆ తప్పు ఖరీదు ప్రాణం.

కాపాడిన వస్తువు ఎంత దూరం మాట్లాడగలదో చెప్పడానికి మన హైదరాబాద్‌తో ముడిపడ్డ ఒక విమానం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు సమకూరాయి. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు వచ్చింది. అవి ఫైటర్లు కావు, బాంబర్లు. వాటిలో ఎఫ్ 1010 అనే సంఖ్య గల విమానం 1918 అక్టోబర్ 5న దాడికి వెళ్లి జర్మన్లకు చిక్కింది. వారు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో పోలండ్‌కు తరలించారు. యుద్ధం తర్వాత క్రాకోవ్‌లో ఉండిపోయింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి బ్రిటన్ దాన్ని తెచ్చుకుంది, బాగుచేసి లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో నిలబెట్టింది. నిజాం కానుక అని తెలిపే రాత దాని మీద ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 ఫైటర్ స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు మోసుకుని బ్రిటన్ ఆకాశంలో పోరాడాయి, 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఆ సొమ్ము తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ పల్లెల్లో రైతులు కట్టిన శిస్తు నుంచి వచ్చిందే. ఆ చరిత్రను మూడు దేశాలు చేతులు మార్చి కాపాడాయి. మన పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు లేదు.

మనం ఏమీ చేయడం లేదనడం అన్యాయం. ఢిల్లీ పాలంలో 1967 నుంచి వైమానిక దళ మ్యూజియం ఉంది, 2023లో చండీగఢ్‌లో వారసత్వ కేంద్రం తెరిచారు. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం లోపలికి వెళ్లి వచ్చిన పిల్లల కళ్లు చూసినవారెవరికైనా అసలు విమానం చేసే పని పుస్తకం చేయలేదని అర్థమవుతుంది. కానీ వస్తువుకు మాట ఇచ్చేది కాగితం. 1965 యుద్ధం అధికారిక చరిత్ర 1992లో సిద్ధమైనా ఎన్నో ఏళ్లపాటు సామాన్య పాఠకుడికి అందలేదు. 2021 జూన్‌లో రక్షణ మంత్రిత్వ శాఖ కొత్త విధానం ప్రకటించింది. యుద్ధ దినచర్యలు, దళాల రికార్డు పుస్తకాలు చరిత్ర విభాగానికి చేరాలనీ, మామూలుగా 25 ఏళ్లకు వాటి మీద రహస్య ముద్ర తొలగించాలనీ అందులో ఉంది. ఆ లెక్కన 1965, 1971 కాగితాలన్నీ ఎప్పుడో బయటికి రావాలి. ఆ విధానాన్ని అక్షరాలా అమలు చేయడం, స్క్వాడ్రన్ రికార్డులను స్కాన్ చేసి పరిశోధకులకు ఇవ్వడం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వైపు కథనాలను కూడా పక్కన పెట్టి చదవడం ప్రభుత్వం చేయాల్సిన పనులు. ఏ విగ్రహానికయ్యే ఖర్చుతో పోల్చినా ఇది తక్కువే.

మిగిలినది మన ఇళ్లలో ఉంది. 1971లో ఇరవై అయిదేళ్ల వయసున్న పైలట్‌కు, మెకానిక్‌కు, రాడార్ ఆపరేటర్‌కు ఇప్పుడు సుమారు ఎనభై ఏళ్లు. తెలుగు జిల్లాల నుంచి వైమానిక దళంలో చేరి, సర్వీసు ముగించుకుని సొంత ఊళ్లలో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. వారి ట్రంకు పెట్టెల్లో లాగ్‌బుక్కులు, ఉత్తరాలు, వెనక పేర్లు రాసిన ఫొటోలు ఉంటాయి. వారు పోయిన మర్నాడు పాత కాగితాలతో పాటు అవీ తూకానికి వెళ్లిపోతాయి. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ నెలలోనే వారి పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డర్ నొక్కి, ఏ ఏడాది, ఏ స్థావరం, ఏ విమానం, పక్కన ఎవరున్నారు అని అడగండి. గొప్పలు అడగకండి, వివరాలు అడగండి. లాగ్‌బుక్కులో ప్రతి పేజీని ఫొటో తీసి, ఒక ప్రతి వైమానిక దళ మ్యూజియానికి పంపండి. దేవయ్య నిజం మనకు పద్నాలుగేళ్లు ఆలస్యంగా, శత్రువు చెబితే తెలిసింది. మన ఇంటి పెద్దల నిజాన్ని మనమే, వారు ఉండగానే రాసి పెడదాం.